వాన లేని అధ్యాయం

సిగుబెని లోయ,
11 ఫిబ్రవరి 1997, మంగళవారం

జోలా గారికి,

ఈ రోజు తెల్లారగానే మొదటి వింత: నా ఎడమ బూటులో కోడిగుడ్డు. కాలు పెట్టబోతుంటే వేలికి వెచ్చగా తగిలింది. తీసుకెళ్ళి మాద్లోమో అవ్వకి చూపిస్తే ఆవిడ పగలబడి నవ్వి, "అయితే ఇక నువ్వు ఈ ఇంటి మనిషివే, మా కోడి ఒప్పుకుంది" అంది. "గుడ్డు మీదా, నాదా?" అన్నాను. "కోడి మాది, బూటు నీది. గుడ్డు సంగతి వంటయ్యాక చూద్దాం" అంది. వంటయ్యాక ఆవిడే తినేసింది.

ఆవిడ ఇల్లు మీకు గుర్తుండే ఉంటుంది. ముప్పయ్యేళ్ళ కిందట మీరు మాటలు సేకరించడానికి వచ్చి దిగింది ఇక్కడేనట కదా. అవ్వకి మీరు బాగా గుర్తు. "ఆ సన్నటి కుర్రాడా? పులిసిన పాలు తాగలేక మా కుక్కకి పోసేవాడు. కుక్క లావెక్కింది, వాడు చిక్కిపోయాడు" అంది. ఇది నా పరిశోధనలో రాయను, భయపడకండి.

ఇంట్లో నోసిపో అనే కొత్త కోడలు ఉంది. అవ్వ మనవడి భార్య, నా ఈడుదే. ఆమె మామగారు, అంటే అవ్వ కొడుకు, బంగారు గనిలో పని చేస్తాడు. ఆయన పేరు మ్తున్జి. మ్తున్జి అంటే నీడ కాబట్టి పాపం నోసిపోకి నీడ అనే మాటే లేకుండా పోయింది. నిన్న నేను ఎండలో కూర్చుంటే, "అక్కా, సూర్యుడు కొట్టని చోటికి జరుగు" అంది. కోడళ్ళు మామగారి పేరే కాదు, ఆ పేరు చప్పుడున్న ఏ మాటా పలకకపోవడం మా అమ్మ దగ్గర చూసిందే. కానీ పట్నంలో మేం దాన్ని సగం అరగదీసేశాం. ఇక్కడ నిండుగా బతికి ఉంది. "పొరపాటున అనేస్తే ఏమవుతుంది?" అని అడిగాను. "మా ఆడపడుచులు నెలంతా నా వెనకాలే తిరుగుతూ నీడా నీడా అంటారు, ఇంకేం కావాలి" అంది.

అసలు సంగతి చివరికి దాచాను. జోలా గారూ, నేను విన్నాను! మధ్యాహ్నం కొండ మీదికి మబ్బు రాగానే అవ్వ వాకిట్లోకి వచ్చి, "ఇసేతో! ఇసేతో వస్తోంది, బట్టలు తీయండి!" అని అరిచింది. మన భాషలో మనందరం వానని ఇమ్వుల అంటాం. ఈ లోయ మొత్తం ఇసేతో అంటుంది, మీ పుస్తకంలో రాసినట్టే. మనకన్నా ముందు ఇక్కడ బతికి, ఆనవాలు లేకుండా పోయిన జనం భాషలోంచి మిగిలిన ఒకే ఒక్క మాట. అది గాలిలో పడి నా చెవి దాకా వచ్చింది. బట్టలు తీయడం మర్చిపోయి నిలబడిపోయాను. అన్నీ తడిశాయి. నోసిపో నన్ను ఇంకా క్షమించలేదు.

మీ విద్యార్థిని,
ఫుమెజా

•

ఉమ్తాతా,
24 ఫిబ్రవరి 1997

అమ్మాయ్ ఫుమెజా,

నీ ఉత్తరం అందింది. నన్ను వంశం పేరుతో జోలా అనడం బాగుంది, గుడ్డు బాగుంది. తడిసిన బట్టలు కూడా బాగున్నాయి. సేకరించిన మాటల పట్టిక మాత్రం ఎక్కడా కనపడలేదు. ఉత్సాహం మంచిదే, కానీ పరీక్షకులు దానికి మార్కులు వెయ్యరు.

కుక్క విషయంలో అవ్వ జ్ఞాపకశక్తి అమోఘం. నువ్వు ఆ పాలు తాగు.

నీ అధ్యాయం వాతావరణం మాటల మీద. మంచు, పొగమంచు, వడగళ్ళు, గాలి, వాన, అన్నీ కావాలి. వాన గురించి మరీ శ్రద్ధగా రాయి. నా పుస్తకం రెండో ముద్రణ జూలైలో అచ్చుకు వెళ్తుంది. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఇసేతో అనే మాట ఆ లోయలో వాడుకలో ఉందని నీ అధ్యాయాన్ని చూపిస్తూ ముందుమాటలో రాయాలని ఉంది. విద్యార్థిని పేరు గురువు ముందుమాటలో రావడం మన విభాగంలో ఇదే మొదటిసారి అవుతుంది. డిసెంబరులో నేను రిటైరవుతున్నాను కాబట్టి అదే చివరిసారి కూడా.

ఇంకొక మాట. కేప్‌టౌన్‌లో పిహెచ్‌డి సీటుకు నీ పేరు సిఫారసు చేయాలనుకుంటున్నాను. అధ్యాయం చూశాక ఉత్తరం రాస్తాను.

వెనకాల మీరంతా నన్ను ప్రొఫెసర్ ఇసేతో అంటారని తెలుసు. తెలియనట్టు ఉండడం నా ఉద్యోగంలో భాగం.

వెలాఫి మాబండ్లా

•

సిగుబెని లోయ,
18 మార్చి 1997

జోలా గారికి,

ముందుమాటలో నా పేరు! మీ ఉత్తరం చదివి అవ్వని పట్టుకుని ఒక తిప్పు తిప్పాను. "నడుం పట్టేస్తుందే పిచ్చిదానా" అంది గానీ, తర్వాత తనే చప్పట్లు కొడుతూ రెండు అడుగులు వేసింది. అమ్మకి కేప్‌టౌన్ సంగతి రాశాను. అమ్మ అప్పుడే పక్కింటివాళ్ళకి చెప్పేసి ఉంటుంది.

పొగమంచుకి ఇక్కడ మూడు మాటలు ఉన్నాయి. నేల మీద పాకేది ఒకటి, కొండ నడుముకి చుట్టుకునేది ఒకటి, ఊపిరిలోంచి వచ్చేది ఒకటి. ఊపిరి ఆవిరి కూడా పొగమంచేనట! పొద్దున్నే మాట్లాడుకునేవాళ్ళు పొగమంచు మార్చుకుంటారన్నమాట. ఇలాంటివి దొరికిన రోజు నాకు అన్నం సహించదు, ఆనందంతో.

మొన్న చిన్న తమాషా జరిగింది. రెండు చేతుల్లో నీళ్ళ బకెట్లతో వచ్చి, తలుపు మూసి ఉంటే, తెరవమని "వుల!" అని అరిచాను, మనం అందరం అన్నట్టే. నోసిపో తలుపు తీసింది గానీ ముఖం కిందికి దించేసుకుంది. లోపల కూర్చున్న ఇద్దరు కోడళ్ళూ అంతే. తర్వాత నోసిపో నన్ను పక్కకి లాగి, "అక్కా, ఇక్కడ అలా అనరు. తలుపుని పక్కకి పంపు అంటారు" అంది. ఎందుకని అడిగితే తెలియదట. అవ్వ అలా నేర్పిందట. అప్పట్నుంచి గమనిస్తున్నాను. ఈ లోయలో ఆడవాళ్ళు ఎవరూ దేన్నీ తెరవరు. తలుపుని పక్కకి పంపుతారు, సంచి మూతి విప్పుతారు, కళ్ళు లేపుతారు.

మీరు అప్పట్లో తలుపుల గురించి ఎవరినైనా అడిగారా? ఊరికే అడుగుతున్నాను. వాతావరణానికి సంబంధం లేదు.

మీ విద్యార్థిని,
ఫుమెజా

•

ఉమ్తాతా,
2 ఏప్రిల్ 1997

ఫుమెజా,

ఊపిరి పొగమంచు నా పుస్తకంలో లేదు. నీది. నీ పేరు మీదే రాసుకో. అసూయగా ఉంది.

తలుపుల గురించి నేను అడగలేదు. నా పని వాతావరణం. నీదీ అదే. దారిలో దొరికే ప్రతి గులకరాయినీ జేబులో వేసుకుంటూ పోతే పరిశోధన పూర్తికాదు, జేబు చిరుగుతుంది. మే మొదటివారానికి అధ్యాయం నా బల్ల మీద ఉండాలి.

వె. మా.

•

సిగుబెని లోయ,
6 మే 1997

గౌరవనీయులైన ప్రొఫెసర్ గారికి,

మీ ఆదేశం ప్రకారం అధ్యాయాన్ని ఈ ఉత్తరంతో జతచేసి బుధవారం బస్సులో పంపుతున్నాను. దయచేసి తీరిక చూసుకుని పరిశీలించగలరు. తప్పులుంటే మన్నించగలరు.

ఇక్కడ అందరూ క్షేమం. మొక్కజొన్న కోతలు మొదలయ్యాయి.

ఇట్లు,
మీ విధేయురాలు,
ఫుమెజా సోబెక్వా

•

ఉమ్తాతా,
15 మే 1997

ఫుమెజా,

ముందు నీ ఉత్తరం గురించి. "గౌరవనీయులైన", "దయచేసి", "మన్నించగలరు", "విధేయురాలు". నాలుగు ముక్కల ఉత్తరంలో ఇంత వంగడం దేనికి? ఫిబ్రవరిలో నేను పాలు పోసిన కుక్క గురించి రాసిన పిల్ల ఎక్కడికి పోయింది?

ఇప్పుడు అధ్యాయం. బాగుంది. గాలి మీద రాసిన భాగం చాలా బాగుంది. రెండుసార్లు చదివాను, మూడోసారి మా ఆవిడకి చదివి వినిపించాను. చదువుతుండగా ఆవిడే అడిగింది, "ఈ పిల్ల వెళ్ళిన చోట వానలు లేవా?" అని.

అప్పుడు మళ్ళీ మొదట్నుంచి చూశాను. నిజమే. మంచు ఉంది, వడగళ్ళు ఉన్నాయి, మెరుపు కూడా ఉంది. వాన లేదు. ఒక్క చుక్క లేదు. "తడి కాలం" అన్నావు. "పైనుంచి దిగే నీరు" అన్నావు. ఒకచోట "మబ్బు తర్వాత వచ్చేది" అన్నావు! ఆ మాట దగ్గరికి రాగానే నీ వాక్యం చుట్టూ తిరిగి పక్కదారిన పోతోంది. అయిదో పేజీలో "ఒక పూర్వ పరిశోధకుడు" అన్నావు. ఎవరాయన? చచ్చిపోయాడా?

నేను కోడళ్ళ మధ్య పెరిగినవాణ్ణి ఫుమెజా. ఒక ఆడపిల్ల ఒక మాటని తప్పించుకుంటూ మాట్లాడుతుంటే ఆ మాట వెనక ఒక పేరుందని నాకు తెలుసు. నీ అధ్యాయం వెనక ఉన్న పేరు నాది. నేను నీ మామగారిని కాను. నా పేరు పలికితే నీ నాలుక ఊడిపోదు.

ఏం కనుక్కున్నావో తిన్నగా రాయి.

వెలాఫి మాబండ్లా

•

సిగుబెని లోయ,
20 మే 1997

జోలా గారికి,

మీ ఉత్తరం, బస్సు ఆగి టపా దించే కొట్టు ముందే నిలబడి చదివాను. చదువుతుంటే చెవులు వేడెక్కాయి. తిన్నగా రాస్తున్నాను.

ఇమ్వుల అంటే వాన. వుల అంటే తెరువు. రెండింటికీ అర్థంలో చుట్టరికం లేదు, చప్పుడులో ఉంది. ఈ లోయ ఆడవాళ్ళు ఆ రెండింటినీ పలకరు. ఒక్క వాననే చూస్తే అది పాత భాష మిగులు కావచ్చు. పోయిన జనం మాట కావచ్చు. కానీ తలుపు కూడా అదే దారి పట్టిందంటే నాకు ఒకటే తోచింది. ఈ లోయలో ఇళ్ళన్నీ అవ్వ అత్తవారి వంశానివే. ఆ చప్పుడున్న పేరుతో ఈ ఇంట్లో ఒకప్పుడు ఒక మామగారు ఉండేవారు. కోడళ్ళు ఆయన కోసం వానని పక్కన పెట్టి ఇసేతో తెచ్చుకున్నారు, తలుపు తెరవడాన్ని పక్కన పెట్టి పక్కకి పంపడం తెచ్చుకున్నారు. అంటే ఇసేతో పోయిన జనం మాట కాదు. ఈ కోడళ్ళు కల్పించుకున్న మాట.

అవ్వని అడిగాను, అది గౌరవం కోసం మార్చిన మాటా అని. అవ్వ నవ్వింది. "ఆ సన్నటి కుర్రాడూ ఇదే అడిగాడు. అవునంటే ఎవరి పేరు అంటాడు. పేరు నేను చెప్పలేను. చెప్పలేనంటే ఎందుకు చెప్పలేవంటాడు. ఇంతలో పొయ్యి మీద చిక్కుళ్ళు మాడుతున్నాయి. అందుకని లేదన్నాను" అంది. పెద్దకోడలైన అవ్వ లేదంటే మిగతావాళ్ళు అవునంటారా? అందరూ లేదన్నారు. "మరి నాకెందుకు చెప్పావు?" అంటే, "నువ్వు పేరు అడగలేదుగా" అంది.

మార్చిలోనే తెలిసింది నాకు. తలుపు సంగతి మీకు రాస్తున్నప్పుడే సగం తెలుసు. మీరే గమనిస్తారేమో, అప్పుడు అది నేను చెప్పినట్టు ఉండదని ఆశపడ్డాను. తర్వాత ధైర్యం చాల్లేదు. మీ పుస్తకం మొదటి పేజీ ఆ మాట మీద నిలబడింది. మీ సిఫారసు లేకుండా నాకు కేప్‌టౌన్ లేదు. అది చిన్న కారణం. పెద్దది ఇంకోటి ఉంది. మొదటి సంవత్సరంలో మీరు క్లాసులో ఇసేతో కథ చెప్పారు. ఒక్క మాట కోసం ఒక మనిషి కొండ ఎక్కి వెళ్ళొచ్చని నాకు అప్పుడే తెలిసింది. నేను టీచరు ట్రైనింగు మానేసి మీ దగ్గరికి వచ్చింది ఆ మాట వల్లే. ఆ మాటని నా చేత్తో నేను ఎలా కొట్టేయను?

అందుకని చుట్టూ తిరిగాను. అది తప్పని రాస్తున్నప్పుడే తెలుసు. మీకు అబద్ధం రాయలేదు, నిజమూ రాయలేదు. మీరు ఏం చేయమంటే అది చేస్తాను.

ఫుమెజా

•

ఉమ్తాతా,
28 మే 1997

ఉత్తరం అందింది. తర్వాత రాస్తాను.

వె. మా.

•

ఉమ్తాతా,
9 జూన్ 1997, సోమవారం

అమ్మాయ్ ఫుమెజా,

ఇన్నాళ్ళు ఆలస్యమైనందుకు ఏమీ అనుకోకు. నీకు రెండు జవాబులు రాశాను. మొదటిది నేనే చింపేశాను. రెండోదాన్ని మా ఆవిడ చింపింది. "ఇది ఆ పిల్లకి రాసింది కాదు, నీ కోపానికి నువ్వే రాసుకున్నది" అంది. ఇది మూడోది. ఆవిడ నిద్రపోతుండగా రాస్తున్నాను కాబట్టి నీ దాకా చేరుతుంది.

"మీరు ఏం చేయమంటే అది చేస్తాను" అని రాశావు. నీ ఉత్తరం మొత్తంలో నాకు కోపం తెప్పించిన వాక్యం అదొక్కటే. నేను చెప్పినట్టు చేసేవాళ్ళు నాకు విభాగంలో చాలామంది ఉన్నారు, జిరాక్స్ మిషన్‌తో కలిపి.

ఇప్పుడు నీ వాదన. నాకు నచ్చలేదు. నచ్చకపోవడం వాదన కాదు కాబట్టి లోపాలు వెతికాను. ఇసేతో అనేది ఒక్క ఆడవాళ్ళే కాదు, మగవాళ్ళూ అనేవాళ్ళు, పిల్లలూ అనేవాళ్ళు. నా చెవులతో విన్నాను. ఇది రాసి, కలం పక్కన పెట్టి, టీ తాగొచ్చి చూస్తే లోపం నా వాక్యంలోనే కనిపించింది. పిల్లలు మాటలు నేర్చేది ఎవరి దగ్గర? తల్లుల దగ్గర. ఆ మగవాళ్ళంతా ఒకప్పటి పిల్లలే. సరే, ఆ విషయంలో నువ్వే గెలిచావు.

కానీ ఫుమెజా, రెండు మాటలూ, మాడిన చిక్కుళ్ళూ కలిస్తే రుజువు కాదు. పేరేదీ? ఆ చప్పుడున్న పేరుతో ఆ ఇంట్లో ఒక మనిషి నిజంగా బతికాడా? బతికితే నువ్వు చెప్పింది నిజం, నా మొదటి పేజీ పోతుంది. అలాంటి పేరే లేకపోతే నువ్వు పొరబడ్డావు, నేను ఆ సంగతి చాలా ఆనందంగా నలుగురికీ చెప్పుకుంటాను. పేరు లేకుండా నీ వాదనని ఏ పరీక్షకుడి ముందూ పెట్టనివ్వను. నాకు వ్యతిరేకమని కాదు, సగంలో ఉందని.

ఆ పేరు ఆడవాళ్ళు చెప్పలేరు. నువ్వు వాళ్ళని అడగకూడదు, నీ నోటితో ఊహించి వాళ్ళ ముందు పలకనూ కూడదు. అన్నం పెట్టినవాళ్ళని అలా ఇబ్బంది పెట్టి తెచ్చిన రుజువు నాకు అక్కర్లేదు. ఆ ఇంటి ముసలి మగవాళ్ళు చెప్పగలరు. అవ్వ మరిది ఇంకా ఉన్నాడని నీ అధ్యాయంలో రాశావు. కానీ పూర్వీకుల పేర్ల మాట ఎత్తేది పశువుల దొడ్డి దగ్గర. ఆడపిల్లవి, అతిథివి, నువ్వు అక్కడికి వెళ్ళలేవు. నేను వెళ్ళగలను. అప్పట్లో వెళ్ళేవాణ్ణే గానీ దొడ్డి ఖాళీగా ఉండేది, మగవాళ్ళంతా గనుల్లో ఉండేవాళ్ళు.

వచ్చే వారం, పద్దెనిమిదో తేదీ బుధవారం బస్సులో వస్తున్నాను. గురువుగా కాదు. నువ్వు వెళ్ళలేని చోటికి వెళ్ళి నీ ప్రశ్న అడిగివచ్చే సహాయకుడిగా. ఎలా అడగాలో నువ్వు చెప్పు.

అచ్చు వాళ్ళకి ఫోన్ చేసి ముందుమాట ఆపమన్నాను. కేప్‌టౌన్‌కి సిఫారసు ఉత్తరం శుక్రవారమే పోస్టులో వేశాను. ఫలితం తెలియకముందే వెయ్యాలనిపించింది.

చివరిగా: ఉత్తరాల్లో నన్ను వంశం పేరుతో జోలా అని పిలువు, నాకూ ఇష్టమే. పరిశోధనలో మాత్రం "ఒక పూర్వ పరిశోధకుడు" వద్దు. నేను ఒప్పు అయినా తప్పు అయినా నా పేరుతోనే కావాలి.

వెలాఫి మాబండ్లా

•

సిగుబెని లోయ,
17 జూన్ 1997, మంగళవారం

జోలా గారికి,

కొట్టు యజమాని వ్యాను ఈ సాయంత్రం పట్నం వస్తోంది. దారే కాబట్టి మీ గుమ్మంలో ఇచ్చేస్తానన్నాడు. మీరు బస్సెక్కేలోపు ఇది మీ చేతికి రావాలి.

అవ్వకి చెప్పాను, మీరు వస్తున్నారనీ, ఎందుకు వస్తున్నారో కూడా. దాచి చేయడం నాకు ఇష్టం లేకపోయింది. అవ్వ ఒళ్ళో ఉన్న మొక్కజొన్న కండె వలిచి పక్కన పెట్టింది. తర్వాత, "దొడ్డి దగ్గర మగవాళ్ళు ఏం మాట్లాడుకుంటే నాకేం, నా చెవులు ఇంట్లో ఉంటాయి" అంది. ఇంకో కండె అందుకుని, "ఆయన చాలా మంచి మనిషి" అంది. ఎవరు అని నేను అడగలేదు. ఆవిడా చెప్పలేదు. నోసిపో నా వంక చూసింది. ముగ్గురం మళ్ళీ మొక్కజొన్నలు వలిచాం.

ఎలా అడగాలో చెప్పమన్నారు కదా. చెబుతున్నాను, నవ్వకండి. అవ్వ మరిదికి నస్యం ఇష్టం, ఒక డబ్బా తీసుకురండి. ఆయనకి ఎడమ చెవి వినపడదు, కుడివైపు కూర్చోండి. వాన గురించి ఎత్తకండి, తలుపు గురించి అసలే ఎత్తకండి. ఈ ఇంటి పెద్దల పేర్లు మొదటి నుంచి చెప్పమనండి, అంతే. మధ్యలో ఆయన పశువుల గురించి చెబుతాడు. చాలా చెబుతాడు. ఆపకండి. ఏ పేరు వచ్చినా మీ ముఖంలో ఏమీ కనపడకూడదు. మీకు ఆ పేరు వినాలని ఉన్నట్టూ తెలియకూడదు, వినకూడదని ఉన్నట్టూ తెలియకూడదు. ఇది కష్టమని నాకు తెలుసు. నాకైతే చేతకాదు.

అధ్యాయం మళ్ళీ రాశాను. ఇప్పుడు అందులో వాన కురుస్తోంది. అయిదో పేజీ ఇలా మొదలవుతుంది: "ఇసేతో అనే మాటని తొలిసారి సేకరించి, అది ఆడవాళ్ళు గౌరవం కోసం మార్చుకున్న మాటేనా అని అడిగినవారు వెలాఫి మాబండ్లా." ఆ పేరు రాసేముందు కలం రెండుసార్లు పక్కన పెట్టాను. రాశాక ఏమీ కాలేదు. దాని కింద రెండు వాక్యాలు రాసి పెట్టాను. ఒకదానిలో వెలాఫి మాబండ్లా పొరబడ్డారని ఉంది, రెండోదానిలో ఫుమెజా సోబెక్వా పొరబడిందని ఉంది. ఒకదాన్ని కొట్టేయాలి. కలం మీకే ఇద్దామనుకున్నాను గానీ వద్దు, ఆ పని నాది.

చలి బాగా ఉంది, కోటు వేసుకుని రండి. రేపు పొద్దున బస్సు వచ్చేసరికి కొట్టు ముందు ఉంటాను. అక్కడి నుంచి ఇద్దరం కలిసి నడుద్దాం. దొడ్డి గోడ దగ్గర నేను ఆగిపోతాను, మీరు లోపలికి వెళ్ళండి.

ఫుమెజా